దారి వేశాకే కుర్చీలు వేయండి

చక్రాల కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ నాటకం చూసిన ఒక రాత్రి గురించి కిందటి నెల ఈ శీర్షికలో రాశాను. దానికి కోనసీమ నుంచీ, ఇటు పశ్చిమ డెల్టా నుంచీ చాలా ఉత్తరాలొచ్చాయి. ఈసారి చోటంతా వాటికే. కొత్తగా చదివేవాళ్ళకు నా సంగతి చెప్పాలి. నాకు రెండో ఏట పోలియో వచ్చింది. పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూళ్ళో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నాటకమంటే ప్రాణం.

ప్రశ్న: టీచరు గారికి నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర ఊరు. ఏటా సుబ్రహ్మణ్య షష్ఠికి రెండు రాత్రులు పద్య నాటకాలు వేయిస్తాం. సార్వా కోత అయిన చేలోనే స్టేజీ కడతాం. మా చుట్టుపక్కల చక్రాల కుర్చీల్లో ఉండేవాళ్ళు నలుగురున్నారు. ఈసారి వాళ్ళనీ పిలవాలని కుర్రాళ్ళం అనుకున్నాం. పెద్దవాళ్ళు స్టేజీ ముందు ఓ పక్కన తాడు కట్టి కూర్చోబెడదాం, మధ్యలో శాలువాలు కప్పుదాం అంటున్నారు. మీరేమంటారు? (ఉత్సవ కమిటీ సభ్యుడు)

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. చిన్నప్పుడు నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీర్థానికి తీసుకెళ్ళేవాడు. గట్టు మీద సైకిలు ఆపి, నన్ను భుజానికెత్తుకుని చేలోకి దిగేవాడు. పద్నాలుగో ఏడు వచ్చాక ‘ఇంక ఎత్తుకోవద్దు నాన్నా’ అని నేనే చెప్పాను. తర్వాత పదిహేనేళ్ళు మా ఊరి నాటకాలు మా ఇంటి అరుగు మీద కూర్చునే విన్నాను. పద్యం మూడో పాదం దాకా వినపడేది, నాలుగోది గాలికి అటు పోయేది. ఊళ్ళో నన్నెవరూ రావద్దనలేదు. గట్టుకీ స్టేజీకీ మధ్యనున్న ఆ యాభై గజాల చేను దాటడమే నా వల్ల కాలేదు.

అందుకే చెబుతున్నాను, ముందు దారి. కుర్చీలు, తాళ్ళు, శాలువాలు తర్వాత చూసుకోవచ్చు. మన నల్లమట్టి పైకి ఆరినట్టుంటుంది కానీ లోపల పదును పోదు. చిన్న చక్రాలు అందులో దిగబడతాయి, వరి మోళ్ళకు తట్టుకుంటాయి. ఇళ్ళు కట్టే మేస్త్రీల దగ్గర సెంట్రింగ్ రేకులు అద్దెకు దొరుకుతాయి కదా, రోడ్డు నుంచి కూర్చునే చోటు దాకా నాలుగడుగుల వెడల్పున అవి పరవండి. షష్ఠి మార్గశిరంలో వస్తుంది, అర్ధరాత్రి దాటితే మంచుకు రేకులు జారతాయి. పైన కొబ్బరి పీచు పట్టాలు పరిచి, మేకులతోనో తాళ్ళతోనో బిగించండి. అంబాజీపేటలో పీచుకు కరువుండదు.

రోడ్డు మీద నుంచి చేలోకి దిగే చోట ర్యాంపు కావాలి. ఒకడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు, అదీ లెక్క. గట్టు అడుగున్నర ఎత్తుంటే పద్దెనిమిది అడుగులు రావాలి. రెండు చెక్కలు ఏటవాలుగా ఆనించి ‘నలుగురం పట్టుకుంటాం లెండి’ అనొద్దు. అలా పట్టుకున్న నలుగురిలో ఒకరి చెయ్యి జారి, ఒక ఊళ్ళో నేను చేలో పడ్డాను. ర్యాంపు రెండు అంచులకూ సరుగుడు బాదులు అడ్డంగా కట్టండి, చక్రం పక్కకు పోదు. జనరేటరు వైర్లు దారికి అడ్డంగా పోనీయకండి, పైనుంచి లాగించండి.

ఇక కూర్చునే చోటు. మన దగ్గర ముందు బరకాలు పరుస్తారు, వెనక కుర్చీలు వేస్తారు. చక్రాల కుర్చీని బరకాల ముందు పెడితే వెనకవాళ్ళకు అడ్డం, స్టేజీ మరీ దగ్గరై మెడ నొప్పి. కుర్చీల వెనక పెడితే ఎవరు లేచినా మాకు ఏమీ కనపడదు. బరకాలు అయిపోయి కుర్చీలు మొదలయ్యే మొదటి వరస సరైన చోటు. వెనక కూర్చున్నవాళ్ళ ఎత్తూ మా ఎత్తూ ఒకటే కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ వరసలో రెండు మూడు చోట్ల మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఖాళీలు వదలండి. నలుగురినీ ఒకేచోట కుప్ప పోయకండి. పక్కనే వాళ్ళ ఇంటివాళ్ళకు కుర్చీ వేయండి. ఆడవాళ్ళు ఆడవాళ్ళ వైపు కూర్చుంటామంటే అటువైపూ ఒక ఖాళీ ఉండాలి. నాకు నాటకం ఎంత ఇష్టమో, పక్కింటి వదినతో ‘ఈ కృష్ణుడు బాగున్నాడు’ అని చెప్పుకోవడమూ అంతే ఇష్టం.

బాత్రూమ్ సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను. నాటకానికి వెళ్ళాలంటే మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు మానేసేదాన్ని. నాలాంటి ఆడవాళ్ళు ఇప్పటికీ అలాగే వస్తారు. దగ్గర్లో స్కూల్లోనో, ఎవరింట్లోనో మూడడుగుల వెడల్పు తలుపున్న బాత్రూమ్ ఉంటే తాళం తీయించి, దాని దాకా దారి వేసి, లైటు పెట్టించండి. లేకపోతే మందుల షాపుల్లో కమోడ్ కుర్చీ అమ్ముతారు, టెంట్ హౌస్ గుడ్డలతో చుట్టూ గది కట్టించి అందులో పెట్టండి. మైకులో ఆ సంగతి అరవక్కర్లేదు, వచ్చినవాళ్ళకు మెల్లగా చెబితే చాలు.

శాలువా మాత్రం వద్దు. ఒక ఊరి ఉత్సవంలో రాయబారం మధ్యలో ఆపి, నన్ను లైట్లోకి తోసుకొచ్చి దండ వేశారు. కృష్ణుడు పద్యం ఎత్తుకోబోయి ఆగిపోయాడు. వాళ్ళది మంచి మనసే, కాదనను. కానీ నేను ఆ పద్యం కోసం వెళ్ళాను. మీ పెద్దవాళ్ళకు ఒక మాట చెప్పు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ ఉంది. సాంస్కృతిక జీవితంలో, వినోదంలో అందరితో సమానంగా పాల్గొనడం మా హక్కనీ, దాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వాలదీ స్థానిక సంస్థలదీ అనీ అందులో ఉంది. పంచాయతీని రేకుల అద్దెకు సాయం అడగండి, మొహమాటం అక్కర్లేదు. స్టేజీకి గుర్తులు పెట్టే రోజునే ఆ నలుగురిలో ఒకరిని చేలోకి పిలవండి. నేను రాయనివి వాళ్ళు చెబుతారు.

ప్రశ్న: మా అత్తగారికి డెబ్భై రెండేళ్ళు. రెండేళ్ళుగా చూపు దాదాపు పోయింది. ఒకప్పుడు తణుకు చుట్టుపక్కల ఎక్కడ నాటకమైనా వెళ్ళేవారు. ఇప్పుడు రమ్మంటే ‘నాకెందుకే అమ్మాయ్, కనపడి చస్తుందా’ అంటున్నారు. ఎలా ఒప్పించాలి? (ఒక కోడలు, పెరవలి మండలం)

జవాబు: అమ్మా, మీకు దగ్గర్లోనే ఖండవల్లి ఉంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1867లో పుట్టింది అక్కడే. ఆయనకు చిన్నప్పటి నుంచే చూపు సరిగా ఉండేది కాదు, తర్వాత పూర్తిగా పోయింది. ఆయన చెబుతుంటే వేరేవాళ్ళు రాసేవారు. ఊరూరా ఆడిన గయోపాఖ్యానం ఆయనదే. అత్తగారితో ఈ సంగతి ఒకసారి మాట్లాడి చూడండి.

చూపు లేనివాళ్ళకు పద్య నాటకం చాలావరకు చెవుల్లోనే ఉంటుంది. అందనిది మాటల్లేని చోట. పడక సీను తీసుకోండి. కృష్ణుడు పడుకున్నాడు, దుర్యోధనుడు వచ్చి తల దగ్గర కూర్చున్నాడు, అర్జునుడు కాళ్ళ దగ్గర. కథ ఆవిడకు మీకన్నా బాగా తెలుసు. ఆవిడకు తెలియనిది ఈ రాత్రి సంగతి. ఈ దుర్యోధనుడు కూర్చునే ముందు కుర్చీ కేసి ఎలా చూశాడు, కృష్ణుడు ఒక కన్ను తెరిచి నవ్వాడా లేదా. అది చెప్పండి. చెవి దగ్గరగా, చిన్న గొంతుతో, రెండు మూడు మాటల్లో. హార్మోనియం మొదలవగానే ఆపేయండి. పద్యం మీద మాట్లాడితే నేనైనా విసుక్కుంటాను.

ఒక గంట ముందే వెళ్ళి, కమిటీవాళ్ళని అడిగి, మేకప్ వేసుకునే చోటికి తీసుకెళ్ళండి. కిరీటం, గద, భుజకీర్తులు చేత్తో తడిమి చూడనివ్వండి. నటులు ఒక్కొక్కరూ తమ వేషం పేరు చెప్పి ఒక వాక్యం మాట్లాడితే చాలు, తర్వాత ఏ గొంతు ఎవరిదో ఆవిడకు చెప్పక్కర్లేదు. నాకు తెలిసిన కళాకారులెవరూ దీనికి కాదనలేదు. నడిచేటప్పుడు మీరు ఆవిడ చెయ్యి పట్టి లాగకండి. మీ మోచేతి పైన ఆవిడనే పట్టుకోనివ్వండి, మీరు అరడుగు ముందు నడవండి. పందిరి తాళ్ళున్న చోట ఆగి చెప్పండి.

ప్రశ్న: నాకు పుట్టుకతో వినపడదు. డిగ్రీ చదువుతున్నాను. మా ఊరి నాటకంలో అందరూ చప్పట్లు కొడుతుంటే ఎందుకో తెలియక నేనూ కొడతాను. మాలాంటి వాళ్ళకు ఏమైనా చేయొచ్చా? (కాకినాడ విద్యార్థి)

జవాబు: బాబూ, నువ్వు రాసిన ఆ చప్పట్ల మాట నన్ను చాలా బాధపెట్టింది. చేయొచ్చు, తప్పకుండా చేయొచ్చు. మీ కాలేజీ స్నేహితులతో కలిసి కమిటీవాళ్ళ దగ్గరికి ఈ పేజీ పట్టుకెళ్ళు.

సైన్ భాషలో చెప్పేవాళ్ళను పెడితే ఇద్దరుండాలి. అరగంటకొకరు మారకపోతే చేతులూ బుర్రా అలిసిపోతాయి. నాటకం రాతప్రతిని కనీసం రెండు వారాల ముందు వాళ్ళకు ఇవ్వాలి. భారతీయ సైన్ భాషకు దాని వ్యాకరణం దానిది, తెలుగు పద్యాన్ని మాటకు మాట చేతుల్లో పెట్టడం కుదరదు. కాబట్టి పద్యం అర్థం చెప్పగల తెలుగు మేష్టారు ఒకరు వాళ్ళతో కూర్చోవాలి. స్టేజీకి ఓ పక్కన, నటుల్ని కూడా అదే చూపులో చూడగలిగే చోట వాళ్ళు నిలబడాలి. వాళ్ళ మీద విడిగా ఒక లైటు ఉండాలి, స్టేజీ చీకటి చేసినా అది ఆరకూడదు.

వినపడని అందరికీ సైన్ భాష రాదు, వయసుతో వినికిడి తగ్గినవాళ్ళకు అసలే రాదు. వాళ్ళ కోసం పక్కన తెల్లగుడ్డ కట్టి, పద్యమూ దాని కింద తేలిక మాటల్లో భావమూ ప్రొజెక్టరుతో వేయాలి. కంప్యూటరు దగ్గర కూర్చునే మనిషికి పద్యాలు వచ్చి ఉండాలి. వన్స్‌మోర్ అంటే వెనక్కి వెళ్ళాలి, రాగం తీస్తుంటే ఆగాలి. నిజం చెప్పాలంటే ఆ తెర మీది భావం నీతోపాటు నా పాత విద్యార్థులు సగం మందికి పనికొస్తుంది.

చెవి మిషన్ పెట్టుకునేవాళ్ళను మైకు హారన్ల కింద కూర్చోబెట్టకండి, గోల తప్ప మాట వినపడదు. నటుల పెదాలు కనపడేంత దగ్గరలో, బాక్సులకు దూరంగా కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా బాబుకి ఆటిజం. తొమ్మిదేళ్ళు. శబ్దాలకు చెవులు మూసుకుని ఏడుస్తాడు. కానీ హనుమంతుడి వేషమంటే పిచ్చి. తీసుకెళ్ళాలంటే టెన్షన్. (ఒక తండ్రి, భీమవరం)

జవాబు: తీసుకెళ్ళండి. దారి పక్కన చివరి కుర్చీలో కూర్చోండి, ఎప్పుడైనా లేచి పోవచ్చు. హనుమంతుడు వచ్చే సీను ఎన్నింటికో ముందే కనుక్కుని ఆ అరగంటకే వెళ్ళండి, మొత్తం చూడాలని ఎవరూ శాసించలేదు. చెవులకు పెట్టే మఫ్‌లు తీసుకెళ్ళండి. కమిటీలకు నా విన్నపం: బాణసంచా కాల్చే ముందు, మిణుకు మిణుకుమనే లైట్లు వేసే ముందు మైకులో చెప్పండి. ఆ లైట్లు మూర్ఛ ఉన్నవాళ్ళలో కొందరికి ప్రమాదం కూడా.

ప్రశ్న: ఇరవై ఏళ్ళు దుర్యోధనుడి వేషం వేశాను. యాక్సిడెంటులో కాలు తీసేశారు. గొంతు బాగానే ఉంది, స్టేజీ ఎక్కలేను. ధృతరాష్ట్రుడి వేషం ఇస్తామంటున్నారు. (ఒక నటుడు, రాజోలు)

జవాబు: అన్నయ్య గారూ, ఆ వేషం మీకు ఇష్టమైతే వేయండి. కూర్చోగలిగే వేషం అదొక్కటే అని ఇస్తే ఒప్పుకోకండి. దుర్యోధనుడూ మయసభలో తప్ప చాలాసేపు సింహాసనం మీదే ఉంటాడు. నిలబడాల్సిన చోట ఊతకర్ర పట్టుకుని నిలబడండి, గదకు అది ఏం తీసిపోతుంది?

స్టేజీ ఎక్కడం లెక్క ఇందాకటిదే. నాలుగడుగుల స్టేజీకి నలభై ఎనిమిది అడుగుల ర్యాంపు కావాలి, అంత పొడుగు వెనకవైపు దొరకదు. స్టేజీ రెండున్నర అడుగులకు దించమనండి, ముప్ఫై అడుగులు సరిపోతుంది. మధ్యలో ఐదడుగుల చదును వదిలి వెనక్కి తిప్పితే పదిహేనేసి అడుగుల్లో అయిపోతుంది. మీ ఉత్తరం మొదటి ప్రశ్న అడిగిన అంబాజీపేట తమ్ముడికి పంపుతున్నాను. స్టేజీ వెనక మరో ముప్ఫై అడుగులు రేకులు కలపమనీ, షష్ఠి రెండో రాత్రికి దుర్యోధనుడు ఇంకా ఖరారు కాకపోతే మీకు కబురు పెట్టమనీ రాశాను.