సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్, ఆంపు: ఎర్త్ పిన్ తీయొచ్చా? డబ్బిచ్చే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది కావలి. సింగరాయకొండలో ఒకాయన స్ట్రాట్ మోడల్ గిటారు, అమెరికా నుంచి తెచ్చిన చిన్న ఆంపు కలిపి అమ్ముతానంటున్నారు. చర్చిలో వాయించడానికి కావాలి. హమ్ ఎక్కువ, వాల్యూమ్ తిప్పితే కరకర. గిటారు పట్టుకుని మైకులో పాడితే పెదవికి షాక్ కొడుతోంది. ఆంపు ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుందంటున్నారు. తీయొచ్చా? ఈ సెట్టు కొనొచ్చా?

జవాబు: ఎర్త్ పిన్ మాత్రం ముట్టుకోకండి. మిగతావన్నీ తర్వాత.

గిటారు తీగలు బ్రిడ్జి దగ్గరున్న ఒక వైరు ద్వారా వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) వెనకకి, అక్కణ్నుంచి జాక్, కేబుల్ షీల్డు మీదుగా ఆంపు ఛాసిస్‌కి (లోహపు పెట్టెకి) కలిసి ఉంటాయి. మైకు జాలీ అలాగే మిక్సర్ ఛాసిస్‌కి కలిసి ఉంటుంది. ఒకదానికి ఎర్త్ ఉండి ఇంకోదానికి లేకపోతే ఆ తేడా ఓల్టేజీ మీ చేతి నుంచి పెదవికి దారి చేసుకుంటుంది. పిన్ తీస్తే హమ్ తగ్గచ్చు. కానీ రేపు ఆంపులో ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతింటే 230 ఓల్టులు నేరుగా తీగల మీదికొస్తాయి. దీంతో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

నా అనుమానం ఆ అమెరికా ఆంపు మీదే. దాని వెనక 120 ఓల్టులు, 60 హెర్ట్జ్ అని రాసుంటే మధ్యలో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడుతుంటారు. చౌక రకాల్లో చాలావాటికి టూ పిన్ ప్లగ్గే ఉంటుంది. ఆంపు వైరుకి మూడు పిన్నులున్నా ఎర్త్ అక్కడే తెగిపోతుంది. ముందు స్టెప్ డౌన్ గోడకి పెట్టకుండా, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో దాని ప్లగ్గు ఎర్త్ పిన్ నుంచి ఆంపు ఛాసిస్ స్క్రూ దాకా చూడండి. టూ పిన్ ప్లగ్గయినా, బీప్ రాకపోయినా మూడు పిన్నులది తెచ్చుకోవాలి. కెపాసిటీ ఆంపు కరెంటు వాడకం వాట్లకి (సౌండు వాట్లకి కాదు) కనీసం రెట్టింపు ఉండాలి.

తర్వాత చర్చిలో సాకెట్. మీటర్ ఏసీ 750లో పెట్టండి. ఫేజుకి న్యూట్రల్‌కి మధ్య 230 దాకా, ఫేజుకి ఎర్త్‌కి మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు ఓల్టులు దాటకూడదు. ఫేజు-ఎర్త్ మధ్య ఎంతో తక్కువ చూపిస్తే అక్కడ ఎర్త్ పేరుకే ఉన్నట్టు. ఎండాకాలంలో ఎర్త్ గుంట ఎండిపోయి ఇలా అవుతుంది, నీళ్లు పోయించి మళ్లీ చూడండి. ఆఖరుగా ఒక ప్రోబు తీగ మీద, ఇంకోటి మైకు జాలీ మీద పెట్టండి. కొద్ది ఓల్టులు దాటితే ఆ రోజు గిటారు పట్టుకుని పాడకండి. బోర్డుకి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించమని చర్చి పెద్దలకి గట్టిగా చెప్పండి.

ఎర్త్ సరిగా ఉన్నా హమ్ వస్తే ఆంపు, మిక్సర్ రెండూ ఒకే బోర్డుకి పెట్టండి. గిటారు మిక్సర్‌కి పోవాలంటే మధ్యలో డీఐ బాక్స్ (గిటారు సిగ్నల్‌ని మైకు ఇన్‌పుట్‌కి తగ్గట్టు మార్చే డబ్బా) వాడండి. దానిమీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది ఆడియో షీల్డుని విడదీస్తుందే గానీ కరెంటు ఎర్త్ జోలికి పోదు. గిటారుని నేరుగా మైకు ఇన్‌పుట్‌కి పెడితే సౌండు మొద్దుబారుతుంది, దానికి కారణం ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) తేడా. మైకు ఇన్‌పుట్‌ది రెండు మూడు కిలో ఓమ్‌లు, గిటారుకి కావలసింది ఒక మెగా ఓమ్.

హమ్ గిటారుదా అన్నది చెయ్యి పెట్టి తెలుసుకోవచ్చు. తీగలు తాకితే హమ్ తగ్గితే వైరింగ్ మామూలే. పెరిగితే జాక్‌లో హాట్, ఎర్త్ వైర్లు తారుమారయ్యాయి. పికప్ స్విచ్ 2, 4 పొజిషన్లలో హమ్ బాగా తగ్గితే అది సింగిల్ కాయిల్ పికప్పుల (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగాల) సహజ గుణం, రిపేరు కాదు. లోపల కాపర్ టేపు అతికిస్తే ట్యూబ్‌లైట్, రెగ్యులేటర్ల జుయ్‌మనే మోత తగ్గుతుంది గానీ, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి 50 హెర్ట్జ్ హమ్ పోదు. దానికి నిలబడే చోటు మార్చడమే.

తీగకీ జాక్ బయటి కొసకీ మధ్య బీప్ రాకపోతే వెనక మూత విప్పండి. స్ప్రింగులు తగిలించిన లోహపు ముక్క (క్లా) దగ్గర ఎర్త్ వైరు ఊడి ఉంటుంది. సముద్రపు గాలికి ఇక్కడ తుప్పు మామూలే. సాండ్ పేపర్‌తో మెరిసేదాకా గీకి, 60 వాట్ల ఐరన్‌తో టంకం వేయండి. 25 వాట్లది పెడితే లోహం వేడెక్కక టంకం పైపైనే నిలిచి మళ్లీ ఊడుతుంది.

కరకరకి కాంటాక్ట్ క్లీనర్ పాట్ కాళ్ల పక్క సందులో కొట్టి, నాబ్ ఇరవై ముప్పై సార్లు తిప్పండి. తగ్గకపోతే 250కె లాగ్ పాట్ వేయండి. పాత రంధ్రం కొలిచి తెచ్చుకోండి, చౌక గిటార్లలో చిన్న పాట్లుంటాయి. క్లీన్ చేసినా ఆంపు నాబ్ కరకరమంటుంటే అది దుమ్ము కాకపోవచ్చు, కప్లింగ్ కెపాసిటర్ లీకై పాట్ మీదికి డీసీ వస్తుండొచ్చు.

పికప్పులు విప్పకుండానే చూడొచ్చు. గిటారుకి కేబుల్ గుచ్చి, వాల్యూమ్ ఫుల్ పెట్టి, రెండో కొస మీద మీటర్ 20కెలో పెట్టండి. 1, 3, 5 పొజిషన్లలో సుమారు 5.5 నుంచి 7 కె, 2, 4లో అందులో సగం రావాలి. ఏదైనా పొజిషన్‌లో ఓపెన్ చూపిస్తే మీటర్ పెద్ద రేంజికి మార్చండి. 250కె చూపిస్తే ఆ కాయిల్ తెగింది. అందులోది వెంట్రుకంత సన్నని తీగ, ఉప్పు గాలికి కొసల దగ్గర పచ్చబడి విరుగుతుంది.

ఇవన్నీ తక్కువలో అయ్యే పనులు. ధర తేల్చేది నెక్. మొదటి ఫ్రెట్ దగ్గర, నెక్ బాడీని కలిసే చోట లావు తీగ నొక్కి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర సందు చూడండి. 0.25 మి.మీ., అంటే సుమారు విజిటింగ్ కార్డు మందం, ఉంటే చాలు. తర్వాత తీగలు వదులు చేసి, అలెన్ కీతో ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) నట్టు పావు చుట్టు అటూ ఇటూ కదులుతుందో లేదో అమ్మేవారి ముందే చూడండి. నట్టు చివరిదాకా బిగిసి ఉండి నెక్ ఇంకా ముందుకి వంగి ఉంటే, లేదా తుప్పుకి నట్టు కదలకపోతే, వాళ్లు ఎంత తగ్గించినా వద్దు. సన్న తీగల కింద మొదటి మూడు ఫ్రెట్లలో లోతుగా గుంటలు పడి ఉన్నా అంతే. రీఫ్రెట్‌కి (ఫ్రెట్లు కొత్తవి వేయించడానికి) చెన్నై పంపాలి, చౌక గిటారుకి ఆ ఖర్చు గిట్టదు.

ఆంపు వాల్వులదైతే లోపల చెయ్యి పెట్టకండి. ప్లగ్గు పీకినా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 ఓల్టులు కూడా నిలిచి ఉండొచ్చు. స్పీకరు లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. స్టెప్ డౌన్ తీసేసి నేరుగా 230కి మార్పించాలంటే ఆంపు లోపలి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో రెండు 120 వైండింగులు ఉండాలి. మెకానిక్ వాటిని సిరీస్‌లో కలిపాక, ఫ్యూజు ఆంపియర్లు కూడా సగానికి తగ్గించాలని గుర్తుచేయండి. చాలామంది పాత ఫ్యూజే వదిలేస్తారు.