వారెంట్‌లో తప్పుంటే కేసు కొట్టేస్తారా?

ప్రశ్న: లాయర్ గారూ, అమెరికాలో ఉంటున్న మా తమ్ముడి ఇంట్లో పోలీసులు సోదా చేసి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లారు. వారెంట్‌లో ఇంటి నంబర్ తప్పు పడింది కాబట్టి ఆ ఎవిడెన్స్ చెల్లదు, భయం లేదు అని వాడి ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా అండీ?

జవాబు: అమ్మా, ఆ ఒక్కదాని మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పండి. నంబర్ తప్పయినా మిగతా వివరాలు సరిపోయి, పోలీసులు వెళ్లాల్సిన ఇంటికే వెళ్లుంటే అక్కడి కోర్టులు మామూలుగా ఆ వారెంట్‌ని నిలబెడతాయి.

చూడాల్సింది వేరే ఉంది. ఏం తీసుకెళ్లాలో వారెంట్‌లో స్పష్టంగా రాయాలని వాళ్ల రాజ్యాంగం నాలుగో సవరణలోనే ఉంది, గ్రో వర్సెస్ రమిరెజ్ కేసులో వెతకాల్సిన ఆయుధాల లిస్టు వారెంట్ కోసం పెట్టిన అప్లికేషన్‌లో బాగానే రాశారు కానీ వారెంట్‌లో వస్తువులు రాయాల్సిన చోట ఇంటి వర్ణన రాసేశారు, అప్లికేషన్‌లో ఉంది కదా అంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, 2004లో ఆ వారెంట్ చెల్లదనేసింది. అందుకే ముందు మీవాడి వారెంట్‌లో ల్యాప్‌టాప్ మాట ఉందో లేదో చూడమనండి.

తర్వాత వారెంట్ కోసం పోలీసు ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిట్ కాపీ సంపాదించాలి. అందులో కావాలని అబద్ధం రాశారని రుజువు చేసి, ఆ ముక్క తీసేస్తే మిగిలినదానికి వారెంట్ ఇచ్చేంత కారణం లేకపోతే దొరికిన ఎవిడెన్స్ పోతుంది. ఇది 1978 నాటి ఫ్రాంక్స్ తీర్పు.

అక్రమ సోదాలో దొరికింది రాష్ట్రాల కోర్టుల్లో కూడా వాడకూడదని 1961లో మాప్ కేసులో చెప్పారు (మన దగ్గర అలా కాదు, 1973 పూరన్‌మల్ తీర్పు ప్రకారం సోదా అక్రమమైనా కేసుకి సంబంధించిన సాక్ష్యమైతే సాధారణంగా తీసుకుంటారు). కానీ 1984లో లియాన్ కేసు వచ్చి, జడ్జి ఇచ్చిన వారెంట్‌ని పోలీసు నిజాయితీగా నమ్మి వెళ్తే తర్వాత అందులో లోపం తేలినా ఎవిడెన్స్ ఉంటుందనేసింది. నాకు ఆ తీర్పు అస్సలు నచ్చదు, జడ్జి పొరపాటుకి ఇల్లంతా తిరగేయించుకున్న మనిషి ఎందుకు నష్టపోవాలి? పెన్సిల్వేనియా, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు మాత్రం తమ రాజ్యాంగం కింద ఈ మినహాయింపు ఒప్పుకోలేదు, కాబట్టి కేసు ఏ రాష్ట్రంలో, ఏ కోర్టులో అన్నది కూడా ముఖ్యమే.

ఇంకోటి, ఎవిడెన్స్ తీసేయమనే మోషన్ (కోర్టుకి పెట్టే అర్జీ) ట్రయల్‌కి ముందే గడువులోపు వెయ్యాలి, ఆలస్యమైతే మంచి పాయింట్ ఉన్నా వినకపోవచ్చు. ఫ్రెండ్స్ మాటలు పక్కనపెట్టి ఈ వారంలోనే అక్కడి క్రిమినల్ లాయర్‌ని కలవమనండి.