తాతయ్య హిట్లర్‌ని మెచ్చుకున్నారని మా అమ్మాయి కంచం తోసేసింది

ప్రశ్న: మేం తొమ్మిదేళ్లుగా జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. పోయిన నెల స్కూలు వాళ్లు పక్క ఊరు డాఖావ్‌లో నాజీలు నడిపిన కాన్‌సెంట్రేషన్ క్యాంపు చూపించడానికి తీసుకెళ్లారు. అప్పటినుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు. అర్ధరాత్రి లేచి వచ్చి నా పక్కన పడుకుంటోంది. ఒకరోజు "అమ్మా, ఆ ఊళ్లో వాళ్లకి ఇదంతా తెలీదా?" అని అడిగింది. "పడుకో తల్లీ, పొద్దున్నే స్కూలుంది" అన్నాను.

మా మామయ్యగారు తెనాలి దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మూడు నెలలు ఉందామని మా దగ్గరికి వచ్చారు. ఆయన్ని పిల్లలు "హిట్లర్ మాస్టారు" అనేవారట, ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. మొన్న భోజనాల దగ్గర "ఎంత చెడ్డవాడైనా దేశాన్ని క్రమశిక్షణలో పెట్టాడు, రోడ్లు వేశాడు, మన నేతాజీకి సాయం చేశాడు" అన్నారు. మా అమ్మాయి కంచం తోసేసి ఆయన మీద అరిచింది. ఇద్దరికీ మాటల్లేవు. మర్నాడు వాళ్ల ఫ్రెండ్ ఇంటికొస్తుందనగా పూజగది తలుపు మీద నేను కుంకుమతో వేసిన స్వస్తిక్‌ని తడిగుడ్డ పెట్టి తుడిచేసింది.

మావారేమో "అది మన చరిత్ర కాదు, మార్కుల వరకు చదువుకుంటే చాలు" అంటున్నారు. ఇంత చిన్నపిల్లలకి శవాల ఫొటోలు చూపించడం ఏమిటని స్కూలుకి రాద్దామనుకుంటున్నాను. డిప్రెషనేమో అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. అలాంటి చోటు చూసొచ్చిన పిల్ల నాలుగు రోజులు నిద్రపోకపోతే నేను కంగారుపడను. ఏమీ కానట్టు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే కాస్త ఆలోచిస్తాను. అయితే నెల దాటుతోందంటున్నారు కాబట్టి గడువొకటి పెట్టుకోండి. ఇంకో రెండు వారాల్లో నిద్ర, తిండి దారికి రాకపోతే, లేదా స్కూలుకి వెళ్లనన్నా, "బతికి ఏం లాభం" లాంటి మాట ఒక్కటి వినపడినా, ఇంకేమీ చూడకుండా మీ పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మీ స్కూలుకి సైకాలజిస్ట్ కూడా ఉంటారు. వాళ్లతో మాట్లాడితే పిల్ల మీద ఏదో ముద్ర పడుతుందని భయపడకండి.

ఇక అర్ధరాత్రి ప్రశ్న. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ నాకు ఉత్తరం మొత్తంలో పెద్ద విషయం అదే అనిపించింది. మీ అమ్మాయి శవాల ఫొటోలకి జడుసుకుని మీ పక్కలోకి వస్తోందని మీరు అనుకుంటున్నారు. ఆ పిల్ల మాత్రం ఊళ్లో వాళ్ల గురించి అడిగింది. దానికి మీరు పడుకోమన్నారు, వాళ్ల నాన్న మనకెందుకన్నారు, తాతయ్య మంచి రోడ్లు వేశాడన్నారు. ఒక్కసారి ఆమె చెవులతో ఈ మూడూ వినండి. ఆ రోజుల్లో డాఖావ్ వీధుల్లో జనం ఏమనుకుని ఉంటారో అక్షరాలా అదే మన ఇంట్లో వినపడుతోందని ఆమెకి అనిపించి ఉండదా? మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. పొద్దున్నే లంచ్‌బాక్సు కట్టాల్సిన ఏ తల్లయినా ఆ వేళకి పడుకోమనే అంటుంది.

జవాబు మీకు తెలియదు కాబట్టే దాటేశారేమో. తెలిసినంత చెబుతాను, మీరు ఆమెకి చెప్పండి.

ఆ ఊళ్లో వాళ్లకి తెలుసు. పేపర్లోనే వచ్చింది. హిట్లర్ 1933 జనవరి 30న ఛాన్సలరయ్యాడు. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ఒక ఉత్తర్వుతో మాట్లాడే హక్కు, సభ పెట్టుకునే హక్కు, కారణం చెప్పకుండా అరెస్టు చేయకూడదనే హక్కు అన్నీ పోయాయి. ఆ తర్వాత కోర్టుకి తీసుకెళ్లకుండా ఎవరినైనా లోపల వేయడానికి వాళ్లు పెట్టుకున్న పేరు "రక్షణ కస్టడీ". మార్చి 20న మ్యూనిక్ పోలీసు అధిపతిగా ఉన్న హిమ్లర్ విలేకరులని పిలిచి, డాఖావ్‌లో పాత మందుగుండు ఫ్యాక్టరీ స్థలంలో క్యాంపు తెరుస్తున్నామని ప్రకటించాడు. 22న తెరిచారు. మొదట్లో లోపలికి వెళ్లింది కమ్యూనిస్టులు, సోషల్ డెమోక్రాట్లు, కార్మిక సంఘాల వాళ్లు. "వాళ్లని కదా" అని మిగతావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత యూదులు, జిప్సీలని మనం పిలిచే సింతీ, రోమా ప్రజలు, ప్రార్థన చేసుకునే ఫాదరీలు, స్వలింగ సంపర్కులు, ఆక్రమించిన దేశాల వాళ్లు, ఇలా వరస సాగింది. పన్నెండేళ్లలో 2,00,000 మందికి పైగా అందులోకి వెళ్లారు. కనీసం 41,500 మంది చచ్చిపోయారు. 6,000 మంది కోసం కట్టిన చోట, 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం వచ్చేసరికి 30,000 మందికి పైగా ఉన్నారు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే పిల్లకి ఇంకా నిద్ర పట్టదు. జోసెఫ్ హార్టింగర్ గురించి కూడా చెప్పండి. ఆయన మ్యూనిక్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటర్. క్యాంపు తెరిచిన మూడు వారాలకే, ఏప్రిల్ 12న, నలుగురు యూదు ఖైదీలని కాల్చారు. "పారిపోబోతుంటే కాల్చాం" అన్నారు కావలివాళ్లు. హార్టింగర్ స్వయంగా వెళ్లి చూశాడు. ఆ తర్వాత కూడా ఒక్కో చావుకి వెళ్లి, డాక్టర్ చేత శవపరీక్ష రిపోర్టులు రాయించి, హత్య కేసులు తయారుచేశాడు. పైవాళ్లు తొక్కేశారు. కేసు నడవలేదు, చావులూ ఆగలేదు. కానీ ఆ కాగితాలు బతికి, యుద్ధం అయ్యాక నాజీ నాయకుల మీద న్యూరెంబర్గ్‌లో జరిగిన విచారణలో సాక్ష్యంగా వచ్చాయి. ఎవరూ ఏమీ చేయలేదని అనుకుంటున్న పిల్లకి, తన ఉద్యోగం తను సరిగ్గా చేసిన ఒక మామూలు ప్రభుత్వోద్యోగి ఉన్నాడని తెలియడం చాలా పెద్ద సంగతి. నా అనుభవంలో ఈ వయసు పిల్లలకి "బాధపడకు" కన్నా ఇలాంటివే పనికొస్తాయి.

"మన చరిత్ర కాదు" అన్న మీ వారికి కూడా ఒక పేరు చెప్పండి: నూర్ ఇనాయత్ ఖాన్. వాళ్ల నాన్న బరోడాకి చెందిన సంగీత విద్వాంసుడు, సూఫీ. ఆయనకి గురువు దొరికింది మన హైదరాబాద్‌లోనే. నూర్ టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టిన పిల్ల, పిల్లల కథలు రాసుకునేది. బ్రిటిష్ రహస్య దళం తరఫున వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఫ్రాన్స్‌లో దిగి, పారిస్‌లో పనిచేస్తూ పట్టుబడి, 1944 సెప్టెంబర్ 13న మరో ముగ్గురు ఆడవాళ్లతో పాటు డాఖావ్‌లోనే కాల్పులకి బలైంది. అప్పటికి ముప్పై ఏళ్లు. మీ అమ్మాయి నడిచి వచ్చిన ఆ శవాల దహనవాటిక గోడకే వాళ్ల పేర్లతో ఫలకం ఉంది.

ఇప్పుడు మామయ్యగారు. మా స్కూల్లోనూ ఒక హిట్లర్ మాస్టారు ఉండేవారు. బెత్తం పట్టుకుని వరండాలో కనిపిస్తే గోడలు కూడా నోరు మూసుకునేవి. మన ఊళ్లలో ఆ పేరుకి అర్థం అంతే: కోపిష్టి, నిక్కచ్చి మనిషి. జనాన్ని చంపిన క్యాంపులు, వాళ్లని తరలించిన రైళ్లు, గ్యాస్ గదులు మన పాఠాల్లో రెండు లైన్లు దాటి ఎప్పుడూ లేవు. ముప్పై ఏళ్లు ఆ బిరుదు గర్వంగా మోసిన మనిషికి, మనవరాలు కంచం తోసేసినప్పుడు వినపడింది హిట్లర్ గురించి అయ్యుండదు. తన ఉద్యోగం మీద, తన జీవితం మీద ఉమ్మేసినట్టు ఉండి ఉంటుంది. వాళ్లిద్దరూ ఒకే పేరు పట్టుకుని ఇద్దరు వేరే మనుషుల గురించి గొడవపడ్డారు. ఈ మాట ఆ పిల్లకి అర్థమయ్యేలా చెప్పండి. తాతయ్యని సమర్థించమని కాదు, ఆయన హంతకుల పక్షం కాదని తెలియడానికి.

ఆయనకి చెప్పాల్సింది మాత్రం మీ వారు చెప్పాలి. కోడలిగా మీరు నోరు విప్పితే విషయం మర్యాదల మీదకి మళ్లుతుంది. అందరి ముందూ వద్దు. సాయంత్రం నడకకి తీసుకెళ్లినప్పుడు చాలు. మాస్టారు కాబట్టి వాదన కన్నా వివరం పనిచేస్తుంది. ఆ దేశపు పెద్ద రోడ్ల ఆలోచన హిట్లర్‌ది కాదు. కొలోన్ నుంచి బాన్ దాకా మొదటి రోడ్డు 1932 ఆగస్టులోనే తెరిచారు, అప్పటికి ఆయన అధికారంలోనే లేడు. ఇక నేతాజీ. రేడియో నడుపుకోవడానికి, మనుషుల్ని కూడగట్టుకోవడానికి జర్మనీ వీలు కల్పించిన మాట నిజమే. కానీ హిట్లర్‌ని ఆయన కలిసింది ఒక్కసారి, 1942 మేలో. భారత స్వాతంత్ర్యానికి మద్దతు ప్రకటించమంటే హిట్లర్ ప్రకటించలేదు. హిట్లర్ తన పుస్తకంలోనైతే ఇండియా ఇంకెవరి చేతిలోనో ఉండేకన్నా ఇంగ్లీషువాళ్ల కిందే ఉండటం నయమని రాసుకున్నాడు. స్వాతంత్ర్యం గురించి పాఠాలు చెప్పిన మాస్టారికి ఆ ఒక్క వాక్యం చాలనుకుంటాను. అమ్మాయి కూడా అరిచినందుకు సారీ చెప్పాలి. అరిచినందుకు మాత్రమే. అన్న విషయానికి కాదు.

స్వస్తిక్ తుడిచినందుకు ఇప్పటిదాకా తిట్టకపోతే ఇక తిట్టకండి. దేవుడి మీద కోపం కాదది, ఫ్రెండ్ చూస్తే ఏమనుకుంటుందోనన్న భయం. మీరున్న దేశంలో నాజీ గుర్తు ప్రదర్శించడం చట్టరీత్యా నేరం. మన పూజ గుర్తు ఆ కోవలోకి రాదు గానీ, ఎదురింటి ముసలావిడకి ఆ తేడా తెలియాలని లేదు. అందుకే తలుపు మీద వేయకుండా మందిరం లోపల వేసుకోమంటాను. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, గృహప్రవేశానికి పసుపు కుంకుమలతో ఎలా వేస్తామో, కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీలో ఎందుకు వేస్తారో చెప్పండి. మళ్లీ వేయమని ఒత్తిడి పెట్టకండి. తనకి తోచినప్పుడు వేస్తుంది.

స్కూలుకి ఫిర్యాదు రాయొద్దు. ఆ పిల్ల ఎవరి పక్షాన నిలబడిందో మీరు దానికి వ్యతిరేకంగా సంతకం పెట్టినట్టవుతుంది. కావాలంటే టీచర్‌కి, తిరిగొచ్చాక క్లాసులో పిల్లలతో దాని గురించి మాట్లాడారా, లేదా అని ఒక మెయిల్ పెట్టండి. అది అడగాల్సిన ప్రశ్నే.

దీనికి బదులు ఇంకో పని చేయండి. ఒక ఆదివారం మీరూ మీ అమ్మాయీ ఇద్దరే డాఖావ్ వెళ్లండి. తొమ్మిదేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటూ మీరు ఇంతవరకూ చూడలేదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఎస్-2 రైలెక్కితే అరగంట లోపే, స్టేషన్ దగ్గర బస్సుంటుంది. చూపించమని ఆమెనే అడగండి, మీరు వెనక నడవండి. ఖైదీలని ఉంచిన బారక్‌లు తీసేసిన చోట వరసగా పునాదులు, మధ్యలో పోప్లార్ చెట్ల దారి, కాళ్ల కింద కంకర. ఖైదీలని నిలబెట్టి హాజరు పిలిచిన ఆ మైదానంలో ఆమె ఎక్కడ ఆగితే మీరూ అక్కడే ఆగండి. ఏమైనా చెబితే వినండి, చెప్పకపోతే అడగకండి. మామయ్యగారు "నేనూ వస్తా" అంటే వద్దనకండి గానీ, పిలిచేది మీరు కాకుండా మనవరాలైతే బాగుంటుంది. రెండు వారాల తర్వాత నిద్ర సంగతి నాకు రాయండి.