తాతగారి సైకిలు, రెండున్నర వేల బడ్జెట్టు

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. మా తాత తొక్కిన 28 అంగుళాల నల్ల సైకిలు పశువుల శాలలో చాన్నాళ్ళుగా పడుంది. రాడ్ బ్రేకులు, చైన్ కవరు, క్యారియరు అన్నీ ఉన్నాయి కానీ టైర్లు కుళ్ళిపోయాయి, పెడలు తిప్పితే కటకటమంటోంది. దానికి మెరూన్ కలరు వేసి, బంగారు రంగు గీతలు గీయించి కాలేజీకి వేసుకెళ్దామని నా ఆశ. ఉన్నది 2500. రెండు స్ప్రే డబ్బాలు కొట్టేస్తే అయిపోద్ది అంటున్నారు ఫ్రెండ్సు. పెయింటు ఎక్కడ మొదలెట్టాలి?

జవాబు: పెయింటుతో మొదలెట్టకు తమ్ముడూ, పెయింటు ఆఖర్న. ముందు బకెట్టు సర్ఫు నీళ్ళు, పాత బ్రష్షు, ఒక గుడ్డ, కాస్త కిరసనాయిలు తీసుకుని సైకిలంతా బాగా కడిగి చూడు, ఎందుకంటే ఆ పేడా దుమ్మూ జిడ్డూ కింద కంపెనీ వేసిన నలుపు బానే ఉండొచ్చు, అదృష్టం బాగుంటే పాత గీతలూ స్టిక్కరూ కూడా బయటపడతాయి. ఫ్యాక్టరీలో ఆ నలుపుని పొయ్యిలో కాల్చి గట్టిపరుస్తారు, ఇంట్లో మనం బ్రష్షుతో వేసింది అంత గట్టిగా ఉండదు. ముప్పాతిక భాగం నిలిచుంటే నేనైతే మెరూన్ మాటే ఎత్తను, రబ్బింగ్ కాంపౌండు పెట్టి రుద్ది, తుప్పు పట్టిన చోట మాత్రం టచప్ చేసి వదిలేస్తాను. నీ సైకిలు, నీ ఇష్టం, కానీ కడక్కముందే డిసైడ్ అవ్వకు.

ఇక డబ్బు సంగతి. 2500లో సగం పైనే టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లకి పక్కన పెట్టేయ్. ఆ కటకట సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. రెండు పెడల్ రాడ్లూ రెండు చేతుల్తో పట్టుకుని ఎదురెదురుగా ఊపి చూడు, ఒకటి కదిలి రెండోది కదలకపోతే కాటర్ పిన్ను, అంటే పెడల్ రాడ్డుని ఇరుసుకి బిగించే పిన్ను, అరిగినట్టు. రెండూ కలిసి పక్కకి ఊగుతుంటే లోపల బాల్సు, అవి తిరిగే కప్పులు పోయినట్టు. కాటర్ పిన్ను తీసేటప్పుడు నట్టుని పూర్తిగా ఊడదీయకుండా పిన్ను అంచుకి సమానంగా ఉంచి, రాడ్డు కింద గట్టి చెక్క ఆనించి ఒక్క దెబ్బ గట్టిగా వెయ్యి. చెక్క లేకుండా వంద దెబ్బలు వేస్తే ఆ దెబ్బంతా బాల్సుకి తగిలి కప్పుల్లో గుంటలు పడతాయి, తర్వాత ఎంత గ్రీజు పెట్టినా గరగరే. ఊడిన పిన్ను జేబులో వేసుకెళ్ళి దానికి సరిపోయేదే కొను, పక్కనున్న పాతపట్నంలో అయినా మీ ఊళ్ళో అయినా షాపువాడు చూసి ఇస్తాడు. ఎడమ పెడలు ఉల్టా థ్రెడ్డు, అది మర్చిపోయి బలం చూపిస్తే రాడ్డే పోద్ది. వెనక హబ్బులో పావంగుళం బాల్సు ఉంటాయి, ముందు హబ్బులో ఇంకా చిన్నవి, ఒక్కటి గుంటలు పడినా సెట్టు మొత్తం మార్చు, దానికి పెద్ద ఖర్చేమీ అవ్వదు. రిమ్ముని తుప్పు తినేస్తే కొత్తది కొనేముందు పుల్లలు (స్పోకులు) లెక్కపెట్టుకో, ఆ కాలం సైకిళ్ళకి మామూలుగా ముందు 32, వెనక 40.

ఇంకో ముఖ్యమైన సంగతి, రాడ్ బ్రేకు రబ్బరు రిమ్ము పక్కన కాదు, లోపలివైపు పట్టుకుంటుంది. కాబట్టి రిమ్ముకి రంగు వెయ్యకు. చాలామంది ముచ్చటపడి వేస్తారు, పది రోజులకి రబ్బరు ఆ రంగుని గీకేసి బ్రేకు జారడం మొదలవుద్ది. మహేంద్రతనయ నది బ్రిడ్జి మీద లారీ ఎదురైనప్పుడు అది తెలుస్తుంది.

అన్నీ అయ్యాక కూడా మెరూనే కావాలంటే సరే విను. ఎమరీ పేపరు పట్టేముందే జిడ్డు పోవాలి, లేదంటే జిడ్డుని ఇనుములోకి రుద్దినట్టే. పాత పెయింటులో సీసం ఉండొచ్చు (ఇళ్ళకి వేసే రంగుల్లో 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, మించి ఉండకూడదని రూలు వచ్చిందే 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో), అందుకని ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడిపి రుద్దు, పిల్లల్ని దగ్గరికి రానీకు. ఇనుము బయటపడ్డ రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు కొట్టేయాలి, వానాకాలమైతే సాయంత్రానికే కొత్త తుప్పు పట్టేస్తుంది. దాని మీద ఎనామిలు, పల్చగా రెండు మూడు కోట్లు, కోటుకీ కోటుకీ ఒక రోజు గ్యాపు. ఎనామిల్లో టర్పెంటైనే కలపాలి, డ్యూకో (కార్లకి కొట్టే లాకరు రంగు) థిన్నరు కలిపినా, ఎండని ఎనామిలు మీద డ్యూకో స్ప్రే కొట్టినా ముడతలు లేస్తాయి, మీ ఫ్రెండ్సు చెప్పిన స్ప్రే డబ్బాలతో వచ్చే గొడవ చాలామట్టుకు ఇదే. బిగించే చోట్ల థ్రెడ్లలో గుడ్డ కుక్కెయ్, సీటు దగ్గర కొట్టిన ఫ్రేము నంబరు రంగులో మునిగిపోకుండా చూడు. ఫ్రేముని తాడుకి వేలాడదీసి, కింద నేల మీద నీళ్ళు చల్లుకుంటే దుమ్ము లేవదు. ఎండిందనిపించినా ఒక వారం ఆగే బిగించు, లేకపోతే క్లాంపు కింద రంగు తోలు ఊడినట్టు ఊడొస్తుంది.

గీతలు మాత్రం నువ్వు గీయకు. బోర్డులు రాసే పాత పెయింటరు ఎవరైనా దొరికితే పట్టుకో, ఫ్లెక్సీలొచ్చాక పాపం వాళ్ళకి పని తగ్గిపోయింది, పొడుగు కుచ్చు బ్రష్షుతో ఒక్క లాగులో గీసేస్తారు, టేపు అక్కర్లేదు.

ప్రశ్న: గుణుపూర్ నుంచి రాస్తున్నానండి. మా అమ్మాయికి స్కూల్లో ఇచ్చిన సైకిలు హ్యాండిలు, క్రాంకు (పెడల్ రాడ్డు) తుప్పు పట్టాయి. వాటికి వెండి రంగు వేసేయమంటారా?

జవాబు: వద్దమ్మా, నికెలు పూత మీద రంగు నిలవదు, పొరలు పొరలుగా లేస్తుంది. అన్నం పొట్లాలు కట్టే అల్యూమినియం ఫాయిలు ఉండచుట్టి నీళ్ళలో ముంచి రుద్దండి, పై తుప్పు పోతుంది. ఎమరీ పేపరు మాత్రం పెట్టొద్దు, మిగిలిన మెరుపూ పోతుంది. తుప్పు పోయాక తుడిచి కాస్త మెషిన్ ఆయిలు పూయండి, వానాకాలం రెండు వారాలకోసారి.

ప్రశ్న: రాయగడ నుంచి. చైన్ కవరు మీద సవర గిరిజనుల బొమ్మలు వేయాలనుకుంటున్నా, ఫోన్లో చూసి నేనే వేసేయొచ్చా సార్?

జవాబు: వెయ్యొచ్చు, చెయ్యి పట్టుకునేవాళ్ళెవరూ లేరు. కానీ నేనైతే వెయ్యను. ఇడితల్ అనే ఆ బొమ్మ గోడ మీద వాళ్ళు పూర్వీకుల కోసం, దేవతల కోసం వేసుకునేది, పూజారి దగ్గరుండి చేసే పని, మనకి డిజైనులా కనిపిస్తుంది అంతే. మీ జిల్లాలోనే ఆ ఊళ్ళున్నాయి కదా, వేసేవాళ్ళనే అడుగు, సైకిలు మీద ఏవి వెయ్యొచ్చో ఏవి కూడదో వాళ్ళే చెప్తారు, డబ్బిచ్చి వేయించుకో. రంగు సంగతైతే నీకు కలిసొచ్చింది, ఆ గోడల ఎర్రమట్టి రంగుకి దగ్గరగా ఉండే ఎనామిలు బేసు కొట్టించుకుంటే చాలు. గోడ మీద బియ్యప్పిండి తెలుపు, ఇక్కడ మాత్రం తెల్ల ఎనామిలే వాడమను, పోస్టర్ కలర్ అయితే మొదటి వానకే పోద్ది.