సమాధానం: టేకు పలక వెనక్కి తన్నడానికి కారణం

టేబుల్ సా (బల్ల మధ్య గుండ్రటి బ్లేడు తిరిగే రంపం) మీద కోస్తుంటే టేకు పలక వెనక్కి తన్ని పొట్టకు తగిలిందని, మోటారు లోపమా అని అడిగారు. మోటారు లోపం కాదు. వీడియోలో చూసి గార్డుతో (బ్లేడు మీది రక్షణ మూతతో) పాటు రివింగ్ నైఫ్‌ను, అంటే బ్లేడు వెనుకే నిలిచి కోత మూసుకుపోకుండా ఆపే లోహపు ముక్కను, మీరు తీసేయడమే కారణం. లోపల బిగువున్న టేకును నిలువుగా కోస్తుంటే రెండు ముక్కలూ దగ్గరకు ముడుచుకుంటాయి. బ్లేడు వెనుక పళ్లు వాటిని పట్టి మీ మీదికే విసురుతాయి. ఆ వీడియోల్లో గార్డు తీసేది కోత కెమెరాకు కనిపించాలని. దాన్ని పద్ధతిగా నేర్పడం క్షమించరానిది.

1. ప్లగ్ తీసి, నైఫ్ మళ్లీ బిగించండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బ్లేడు మార్చినప్పుడు నైఫ్ మందం చూడరు. అది బ్లేడు రేకు కన్నా మందంగా, కోత వెడల్పు కన్నా పలుచగా ఉండాలి. రేకు 1.8, కోత 2.6 మి.మీ. అయితే 2.2 సరిపోతుంది. స్కేలు ఆనించి చూస్తే బ్లేడు, నైఫ్ ఒకే వరుసలో ఉండాలి. పళ్లకూ నైఫ్‌కూ మధ్య ఎడం 3 నుంచి 8 మి.మీ.

3. ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే పక్క పట్టీ) బ్లేడుకు సమాంతరమేనా? ముందూ వెనకా కొలవండి.

4. అడ్డకోతకు ఫెన్స్, మైటర్ గేజ్ (చెక్కను కావలసిన కోణంలో పట్టి ముందుకు జరిపే సాధనం) కలిపి వాడకండి.

5. బ్లేడుకు ఎదురుగా కాక పక్కకు నిలబడండి. సన్న ముక్కలకు పుష్ స్టిక్ (చేతికి బదులు చెక్కను తోసే కర్ర) వాడండి. చేతి తొడుగులు వద్దు.

పొట్ట నొప్పి ఇంకా ఉందన్నారు. మీరుండే సిరోంచ నుంచి గడ్చిరోలి జిల్లా ఆసుపత్రి దాదాపు 200 కిలోమీటర్లు. ముదిరేదాకా ఆగకుండా ఈరోజే డాక్టరుకు చూపించుకోండి.