టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల్లో ఎదుగుదల ఆగి, కాలేయం ఎందుకు పెరుగుతుంది?

దీన్ని మోరియాక్ సిండ్రోమ్ అంటారు. 1930లో ఫ్రెంచ్ వైద్యుడు పియర్ మోరియాక్ వర్ణించాడు. పొట్టిగా ఉండటం, యుక్తవయసు ఆలస్యం కావడం, గుండ్రటి ముఖం, ఉబ్బిన పొట్ట దీని గుర్తులు. ఇప్పుడు అరుదే, కానీ ఇన్సులిన్ తరచూ మానేసే పిల్లల్లో కనిపిస్తుంది.

కాలేయ కణాల్లోకి గ్లూకోజ్ వెళ్లడానికి ఇన్సులిన్ అక్కర్లేదు. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉన్నంతసేపూ అది లోపలికి పోతూనే ఉంటుంది. తర్వాత షుగర్ దించడానికి పెద్ద డోసు ఇన్సులిన్ ఇస్తే, ఆ గ్లూకోజంతా గ్లైకోజెన్‌గా (గ్లూకోజ్ నిల్వ రూపం) మారి అక్కడే పేరుకుంటుంది. అంటే ఇన్సులిన్ లేకపోవడం ఒక్కటే కాదు, ఈ ఎగుడుదిగుళ్లే అసలు సమస్య. ఎదుగుదల ఆగడానికి ముఖ్య కారణం వేరు: ఇన్సులిన్ చాలకపోతే ఎదుగుదలకు అవసరమైన ఐజీఎఫ్-1 అనే హార్మోన్‌ను కాలేయం తక్కువగా తయారుచేస్తుంది.

రక్తపరీక్షలో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైములు పెరుగుతాయి. అల్ట్రాసౌండ్‌లో ఇది ఫ్యాటీ లివర్‌లాగే కనిపించి తికమక పెడుతుంది. కచ్చితంగా తేల్చేది బయాప్సీ, అంటే కాలేయం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికి హెపటైటిస్, థైరాయిడ్, సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్షలూ చేయించాలి.

షుగర్ నిలకడగా అదుపులోకి వస్తే కాలేయం వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది. ఎత్తు మాత్రం పూర్తిగా అందుకుంటారన్న హామీ లేదు. హెచ్‌బీఏ1సీని (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) ఒక్కసారిగా దించితే రెటీనా, కిడ్నీలు దెబ్బతినవచ్చు కాబట్టి ముందే కళ్లు చూపించుకుని, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో పరీక్ష చేయించుకోవాలి.