కళ్లజోడుతో ఎఫ్ఎం2 వ్యూఫైండర్

మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఫిల్ము కెమెరా నికాన్ ఎఫ్ఎం2 వ్యూఫైండర్‌లో, కళ్లజోడుతో చూస్తే ఫ్రేము మూలలు కనబడటం లేదని రాశావు. వెనక కన్ను పెట్టి చూసే కంతకి, అంటే ఐపీస్‌కి, కన్ను బాగా ఆనితేనే ఫ్రేమంతా కనిపిస్తుంది. మధ్యలో కళ్లజోడు ఉంటే అంత దగ్గరికి పోలేం. అలాగని కళ్లజోడు అద్దాన్ని దానికేసి గట్టిగా నొక్కకు. ఐపీస్ రింగు ఉత్త లోహమైతే ప్లాస్టిక్ అద్దం మీద కోటింగ్ గీసుకుపోతుంది. రింగు చుట్టూ పల్చటి రబ్బరు వాషర్ అంటించు.

ముందు కన్ను నడిమధ్య ఉంచి ఫోకస్ చెయ్యి. పక్కకి జరిగితే స్ప్లిట్ ఇమేజ్‌లో (ఫోకస్ కోసం నడుమ బొమ్మను రెండు సగాలుగా చూపే వలయం) ఒక సగం నల్లబడుతుంది. తర్వాత అంచులు చూసుకో. తలుపు సందులోంచి చూసినట్టే, కుడి అంచు కావాలంటే కన్ను కాస్త ఎడమకి జరపాలి. వెలుతురు కొలిచే మీటరు దీపాలూ కుడివైపే ఉంటాయి. ఫైండర్ చూపించేది 93 శాతమే, ఫిల్ము మీద ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. కాబట్టి అంచుల గురించి మరీ బెంగపడకు.

ఎండ వీపు వెనక ఉన్నప్పుడు మాత్రం జాగ్రత్త. వెలుతురు పసిగట్టే మీటరు సెల్స్ లోపల ఐపీస్ పక్కనే ఉంటాయి. కళ్లజోడు సందులోంచి వెలుతురు దూరితే మీటరు మోసపోయి ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది, నెగటివ్ పల్చగా వస్తుంది. కళ్లజోడు సందుకి పక్కనుంచి చెయ్యి అడ్డం పెట్టి రీడింగ్ తీసుకో, ఆ తర్వాత ఆ ఎక్స్‌పోజర్ మార్చకు.

కళ్లజోడు తీసి చూడాలంటే ఐపీస్‌కి కరెక్షన్ లెన్స్, అంటే నీ సైటుకి సరిపడే చిన్న అద్దం, బిగించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఫైండర్‌లో ముందే మైనస్ 1 పవరు ఉంది. నికాన్ లెన్స్ మీద అంకె దాన్ని కలుపుకొని వేసిందే, కనుక నీ సైటు మైనస్ 3 అయితే మైనస్ 3 అని ఉన్నదే కొను. కళ్లజోళ్ల షాపులో కోయించుకుంటే మాత్రం మైనస్ 2 చెప్పాలి. కోయించే ముందు వాళ్ల ట్రయల్ లెన్సులు ఐపీస్ దగ్గర పట్టుకుని చూడు. ఎదురుగా ఉన్న బొమ్మను కాదు, ఫైండర్ లోపలి ఫోకస్ స్క్రీన్ మీది గరుకునీ స్ప్లిట్ గీతనీ చూడాలి. అవి స్పష్టంగా ఉంటే పవరు కుదిరినట్టు.

కళ్ల డాక్టరు చీటీలో సిలిండర్ (ఆస్టిగ్మాటిజం పవరు) ఎక్కువుంటే ఈ దారి వదిలెయ్, ఈ మామూలు లెన్స్ దాన్ని సరిచెయ్యదు. అప్పుడు 1982లో వచ్చిన నికాన్ ఎఫ్3 హెచ్‌పీ కెమెరా వెతుక్కోవడమే మేలు. కన్ను 25 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా ఫ్రేమంతా కనిపిస్తుంది, బొమ్మ మాత్రం కాస్త చిన్నది. మామూలు ఎఫ్3 దొరికినా ఫరవాలేదు. పైనున్న ప్రిజం (వ్యూఫైండర్ భాగం) ఊడొస్తుంది, హెచ్‌పీలో ఉండే డీఈ-3 ప్రిజం విడిగా కొని బిగించుకోవచ్చు.